పనిముట్టును పంచువాని ధర్మము



నేడు నేను విచారింపబూనిన విషయము వినుటకు క్రొత్తదిగా తోచవచ్చును. కాని అందలి ధర్మసూక్ష్మము మన పల్లెలకు క్రొత్తది కాదు. ఒకే పనిముట్టు మంచిపనికిని పనికివచ్చును, ఒకరు పెట్టిన కట్టుబాటును దాటుటకును పనికివచ్చును. అట్టి పనిముట్టును ఎల్లవారికిని ఉచితముగా పంచిపెట్టు సంస్థ దానిని తన పెట్టెలో నుంచవచ్చునా, కూడదా? ఈ ప్రశ్న నేడు కంప్యూటరు లోకమున పలువురు పెద్దలను తర్కములో దింపినది. మనకేమి పనియని మీరనుకొనరాదు. హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో సేద్యపు సలహాలు, పిల్లల పాఠములు, హరికథలు, భజనలు నేడు చేతి ఫోనులోనికి వచ్చి చేరినవి. వానిని వినుటయేగాక దాచుకొనుటకు మనకు హక్కు కలదా లేదా యన్నది మన ప్రశ్నయే యగును.

మొదట ఈ పంచిపెట్టు సంస్థలెవ్వియో చెప్పెదను. కంప్యూటరు పనిచేయుటకు లోపల కొన్ని ఆజ్ఞల వరుస యుండవలెను. దానికి సాఫ్టువేరని పేరు. కొందరు వ్యాపారులు దానిని రహస్యముగా నుంచి అమ్ముదురు. మఱికొందరు దానిని వ్రాసిన తీరును గూడ బహిరంగముగా పెట్టి, "చదువుకొనుడు, దిద్దుకొనుడు, ఇరుగుపొరుగునకు ఇచ్చుకొనుడు" అని వదలుదురు. ఒక వైద్యుడు మందు మాత్ర చేతిలో పెట్టి ఊరకుండును. వేఱొకడు మాత్రతోపాటు దాని యోగమును, పాళ్ళను, నూరు విధమును గూడ చెప్పును. ఈ రెండవ వైద్యుని మార్గమునకే ఓపెన్ సోర్సని పేరు. ఇట్లు వెలువడిన వేలకొలది సాధనములను ఏరి, పరీక్షించి, ఒక్కచోట చేర్చి, ఎవరు కోరిన వారికి ఇచ్చు ఏర్పాటును డిస్ట్రిబ్యూషన్ అందురు. అట్టివానిలో డెబియన్ మిక్కిలి ప్రసిద్ధము. అమెరికాలో ఇయాన్ మర్డాక్ అను యువకుడు దీనిని 1993లో ప్రారంభించెను. నేడు దానిలో 60,000లకు మించిన ప్యాకేజీలున్నవి. దానిని నడుపువారు పెక్కు దేశముల స్వచ్ఛంద సేవకులు. మన తెలుగునాట హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ ఇట్టి సాధనములను తెలుగు భాషలో నందించుటకు పాటుపడినది.

1997లో డెబియన్‌వారు తమకు తాము కొన్ని నియమములను విధించుకొనిరి. ఒక సాధనమును ఫలానావారు వాడరాదనియో, ఫలానా పనికి వాడరాదనియో షరతు పెట్టు లైసెన్సును వారు స్వేచ్ఛ గల లైసెన్సుగా అంగీకరింపరు. కొడవలి నిచ్చుచు "దీనితో జొన్న కోయుము గాని సజ్జ కోయకుము" అనరాదని వారి భావము. ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కు ఇక్కడినుండి మొదలగును.

యూట్యూబని ఒక వెబ్‌సైటు కలదు. మీ మనుమలు మీకు చూపియే యుందురు. ఆ సైటువారి షరతులలో ఒకటి యిది: సైటువారి అనుమతి యున్ననే తప్ప అందలి దృశ్యములను దింపుకొనరాదు. 2006లో పుట్టిన యూట్యూబ్-డీఎల్ అను ఓపెన్ సోర్సు సాధనమును, పిమ్మట దానినుండి చీలి వచ్చిన వైటీ-డీఎల్పీ అను సాధనమును చేయు పని సరిగా ఇదియే. పుట చిరునామా నిచ్చినచో అందలి దృశ్యమును మన కంప్యూటరులో ఒక దస్త్రముగా నిలుపును. ఇట్టి సాధనమును డెబియన్ తన ప్రధాన భాండారములోనే యుంచినది. "ఇతరుల షరతులను దాటించు సాధనమును ధర్మసంస్థ పంచుట తగునా?" యని కొందరు ప్రశ్నింతురు.

వారి ప్రశ్నను త్రోసివేయుటకు ముందు మూడు వస్తువులను వేఱుచేసి చూడవలెను. మొదటిది దేశపు శాసనము. రెండవది గ్రంథకర్త యొక్కయు కళాకారుని యొక్కయు హక్కు. మూడవది సైటు యజమాని పెట్టిన షరతు. ఈ మూడును ఒకటి కావు. ఒక సత్రము నూహింపుడు. "వసారాలో పొయ్యి రాజేయరాదు" అని ధర్మకర్త పలక వ్రేలాడదీసెను. బాటసారి పొయ్యి రాజేసినచో ధర్మకర్త వానిని లెమ్మనవచ్చును, మఱల రావలదనవచ్చును. కాని వానిని దొంగ యనుటకు వీలులేదు. ఆ బాటసారి సత్రపు గుండిగ నెత్తుకొని పోయినచో అది దొంగతనము. దానికి పలకతో పనిలేదు. షరతు తప్పుట వేఱు, హక్కును హరించుట వేఱు. ఈ రెండింటిని కలిపివేసిన వాదమే నేడు ఎక్కువగా వినబడుచున్నది.

ఈ రెండును ఒకదానికొకటి ఎదురు నిలుచు సందర్భములు గూడ కలవు. ఒక బోధకుడు తన పాఠమును యూట్యూబులో పెట్టి, క్రియేటివ్ కామన్స్ అను లైసెన్సు క్రింద "ఎవరైనను దీనిని తీసికొని వాడుకొనవచ్చును" అని తానే ప్రకటించెననుకొనుడు. సొత్తు యజమాని ఇమ్మనుచున్నాడు. అయినను సైటులో దానిని దస్త్రముగా దింపుకొనుటకు దారి కనబడదు. ఇంటి యజమాని రమ్మనగా వీధి తలుపు తెఱవబడని స్థితి యిది. సిగ్నలు నిలువని పల్లెలోని ఉపాధ్యాయుడు ఆ పాఠమును ముందురోజే దింపుకొని మఱునాడు పిల్లలకు చూపినచో ఎవరి సొమ్ము పోయినది? 2014లో యూట్యూబువారే మన దేశమున ఫోనులో నిలువ చేసికొను వసతిని కల్పించిరి. అది మెచ్చదగినదే. కాని ఆ నిలువ వారి యాప్ లోపలనే యుండును. దానిని వెలికి దీసి బడిలోని వేఱొక యంత్రమునకు మార్చుటకు వీలులేదు.

ఇక పనిముట్టు సంగతి. మన మెట్టప్రాంతపు వారికి నీటి విలువ ఒకరు చెప్పనక్కఱలేదు. వీధి కుళాయి గొట్టమునకు రహస్యముగా మోటారు బిగించి నీటిని లాగువాడు పొరుగువాని బిందెను ఎండగట్టును. వాడు తప్పుచేసినవాడే. అంతమాత్రమున మోటారు లమ్ము అంగళ్ళను మూయింపవలెనని మనమెవ్వరము అనలేదు. ఆ మోటారే బావిలోనుండి చేనికి నీరు తోడును. కాని అంగడివాడు "వీధి కుళాయికి బిగించుకొనుడు, ఎవరికిని తెలియకుండ నీరు లాగుకొనుడు" అని బోర్డు వ్రాసిపెట్టినచో వానిని మనము వేఱుగా చూతుము. పనిముట్టు నమ్ముట యొకటి, తప్పునకు పిలుచుట యొకటి. ఈ భేదమే నా వాదమునకు వెన్నెముక.

న్యాయస్థానములు గూడ ఈ దారిని నడచినవి. టెలివిజను దృశ్యములను టేపుపై ఎక్కించు యంత్రమును సోనీ కంపెనీ అమ్మగా అమెరికాలోని సినిమా సంస్థలు దానిపై దావా వేసినవి. 1984లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఒక వైపునను నలుగురు మఱొక వైపునను ఉండగా తీర్పు చెప్పినది. హక్కులకు భంగము కలిగింపని గణనీయమైన ఉపయోగములు గల యంత్రమును అమ్మినంత మాత్రమున నేరము రాదని దాని సారాంశము. ఒక్క ఓటు తేడాతో నిలిచిన తీర్పని మీరు గమనింపవలెను. ఎదుటి పక్షము తెలివిమాలినది కాదు.

ఇటీవలి కథ 2020 అక్టోబరులో జరిగినది. అమెరికాలోని పాటల రికార్డు కంపెనీల సంఘము గిట్‌హబ్ అను భాండారమునకు నోటీసు పంపగా, అచ్చట నుంచబడిన యూట్యూబ్-డీఎల్ తొలగింపబడినది. ఆ సాధనపు పరీక్షలలో కొన్ని ప్రసిద్ధమైన పాటల చిరునామాలు వ్రాయబడియుండుట గూడ ఫిర్యాదులో చూపబడినది. మఱుసటి నెల 16వ తేదీన గిట్‌హబ్‌వారు దానిని తిరిగి నిలిపిరి. ఆ పాటల చిరునామాలు తీసివేయబడినవి. అంతేకాదు, ఇట్టి చిక్కులలో పడిన సాఫ్టువేరు రచయితలకు సహాయముగా పది లక్షల డాలర్ల నిధిని గిట్‌హబ్ ప్రకటించెను. యూట్యూబ్-డీఎల్ పక్షమున ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను చేసిన వాదము తెలిసికొనదగినది. సైటు తన తలుపునకు పెట్టినది తాళము కాదు, వచ్చిన ప్రతివానికిని తీయు విధము తెలుపబడిన గడియ యని వారనిరి. ఏ బ్రౌజరైనను చేయు పనినే ఈ సాధనమును చేయుచున్నదనిరి. దీనికి భిన్నముగా 2023లో జర్మనీలోని హాంబర్గు న్యాయస్థానము, ఆ సాధనపు ముఖపుటకు చోటిచ్చిన ఒక చిన్న సంస్థకు వ్యతిరేకముగా తీర్పు నిచ్చినది. అది గడియ కాదు, తాళమే యని ఆ తీర్పులోని భావము. ఒక దేశమున ఉంచదగినది మఱొక దేశమున అపాయకరమగుచున్నది.

తాళము మాట వచ్చినది గనుక డీవీడీల కథయు చెప్పెదను. సినిమా పళ్ళెములపై నిజముగనే గూఢలిపి తాళముండెడిది. దానిని విప్పు ప్రోగ్రామును 1999లో ప్రకటించినవారిలో నార్వే దేశపు బాలుడొకడు కలడు. వానిపై కేసు నడచెను. 2003లో దిగువ కోర్టును, అప్పీలు కోర్టును వానిని నిర్దోషి యనెను. తాను కొన్న పళ్ళెమును తాను చూచుకొనుట నేరము కాదని వానికి అనుకూలించిన న్యాయము. అయినను డెబియన్‌వారు అట్టి విప్పెడు సాధనమును నేరుగా తమ పెట్టెలో పెట్టలేదు. కావలసినవాడు తానే దానిని తెప్పించుకొని కట్టుకొనుటకు తోడ్పడు చిన్న సహాయకమును మాత్రము వేఱొక విభాగములో నుంచిరి. కాబట్టి షరతును దాటగల సాధనమును ఉంచినవారే తాళమును విప్పు సాధనము విషయమున వెనుకాడిరి. దీనిని పిరికితన మనరాదు. స్వచ్ఛంద సేవకులకు కోర్టు ఖర్చులు పెట్టుకొను శక్తి యుండదు. ఒక్క దావా పడినచో తక్కిన సాధనముల పంపిణీయు కుంటువడును.

మన దేశపు శాసన మేమనుచున్నది? 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో 65ఏ అను సెక్షను చేర్చబడినది. హక్కులను భంగపఱచు ఉద్దేశముతో ఇట్టి తాళమును తప్పించువానికి రెండేండ్ల వఱకు ఖైదు, జరిమానా విధింపవచ్చును. చట్టము నిషేధింపని పనికొఱకైనచో అడ్డులేదని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. కాని అందొక ముడి కలదు. అట్టి పనికి మఱొకనికి తోడ్పడువాడు, తోడ్పాటు పొందినవాని పేరును, చిరునామాను, కారణమును లిఖించి యుంచవలెను. ఉచితముగా లోకమునకంతటికి పంచువాడు ఎవరెవరి పేరులు వ్రాసికొనగలడు? పంటకాలువ త్రవ్వినవాడు ఆ నీరు త్రాగిన పక్షుల జాబితా వ్రాయగలడా? ఇది శాసనసభలు మఱల ఆలోచింపదగిన సంగతి. 2000 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము 43వ సెక్షను, యజమాని అనుమతి లేక కంప్యూటరు నుండి సమాచారము దింపుకొనువాడు నష్టపరిహార మీయవలెనని చెప్పుచున్నది. ఈ రెండు చోటులను తప్పు భారము ప్రధానముగా చేసినవానిపై నున్నది. పనిముట్టు పేరు వినినంతనే దానిని వెలివేయుమని చట్టము చెప్పలేదు.

ఇక ఎదుటి పక్షపు బాధను గూడ నిండుగా చెప్పవలెను. ఒక బుఱ్ఱకథ కళాకారుడు తన కథను యూట్యూబులో పెట్టెననుకొనుడు. ఆ సంస్థ వారి ఏర్పాటులో చేరిన కళాకారునికి దృశ్యముపై వచ్చు ప్రకటనల ఆదాయములో నూటికి 55 వంతులు దక్కును. ఊరిలో ఒకడు దానిని దింపి నూఱుగురికి పంచినచో ఆ నూఱు చూపుల ఫలము కళాకారునికి చేరదు. రెండవ బాధ సైటు నడుపువారిది. ఒక్కొక్క పుటను మనుష్యుడు చదువుటకు కట్టిన సైటుపై యంత్రము గడియకు వేల పుటలు లాగినచో తక్కినవారికి పుట తెఱచుకొనదు. వీధి కుళాయి మోటారు కథయే మఱల వచ్చినది. ఈ రెండు బాధలును నిజమైనవి. సాధనము పంచువారు వీనిని వినకపోవుట న్యాయము కాదు.

అయినను నేను మన తెలుగు పుస్తకముల కథను మఱువజాలను. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటరు శాస్త్రమున ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను కంప్యూటరు తెఱకు ఎక్కించు ఉద్యమమునకు మూలపురుషులలో నొకరు. మన దేశమున దాని శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. వేల తెలుగు గ్రంథములు, ఇంట చెదలు తినిపోయినవి సయితము, అందులో కనబడినవి. కాని పుస్తకము పుటపుటగా తెఱపై కనబడెడిది. గ్రంథమంతయు ఒక్కసారిగా దింపుకొనుట సులభము కాకుండెను. చదువరులలో కొందరు చిన్న ప్రోగ్రాములు వ్రాసి, పుటలన్నిటిని తెచ్చి ఒక పుస్తకముగా కట్టుకొనిరి. పిమ్మట కార్ల్ మలమూద్ అను అమెరికా దేశస్థుడు నాలుగు లక్షలకు మించిన ఆ పుస్తకములను ఇంటర్నెట్ ఆర్కైవు అను గ్రంథాలయమునకు చేర్చెను. 2017లో హక్కుల వివాదముల కారణమున ఆ మూలపు సైటు మూయబడినది. అంతకు ముందే తీసికొన్న ప్రతులే పలువురు పాఠకులకు, తెలుగు వికీపీడియా వ్రాయువారికి ఆధారములైనవి.

ఈ కథలో నీతి ఒకవైపే లేదు. ఆ రాశిలో హక్కు తీరని పుస్తకములును కలసియుండెను. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన పిదప అరువదేండ్ల వఱకు ఆ హక్కు అతని వారసులది. వారడుగుట న్యాయమే. కాని హక్కు తీరిన గ్రంథములను ఎవరు అడ్డగింపగలరు? అవి ప్రజల సొత్తు. పుటలను తెచ్చు సాధనమునకు ఈ రెండు విధముల పుస్తకముల భేదము తెలియదు. ఆ భేదము తెలిసికొనవలసినవాడు మనుష్యుడు. సాధనమును నాడే నిషేధించి యుండినచో వారసుల హక్కుతోపాటు ప్రజల సొత్తునకును తలుపు మూయబడెడిది.

మఱియొక సంగతి. షరతును దాటగల ప్రతి సాధనమును వెలివేయుదమన్నచో ఆ వెలి ఎక్కడ ఆగును? బ్రౌజరే ప్రతి దృశ్యమును మన యంత్రములోనికి దింపి చూపుచున్నది. 1990లలోనే వెలువడిన డబ్ల్యూగెట్, కర్ల్ అను సాధనములు ఏ పుటనైనను తెచ్చి యిచ్చును. వానిపై ఆధారపడి లెక్కకు మిక్కిలి పనులు నడచుచున్నవి. ఇంతకును షరతులను వ్రాయువాడు సైటు యజమాని. వానిని ఏనాడైనను అతడే మార్చుకొనవచ్చును. లక్షల సైటుల వారు వ్రాసిన షరతులనన్నిటిని చదివి, అందులో దేనికిని అడ్డురాని సాధనములనే పంచవలెనన్నచో, పంచువారి పెట్టెలో మార్కాపురపు పలకయు మిగులదు. పలకపై ఎవరి పద్యమునైనను వ్రాసికొనవచ్చును గదా! అట్లు చేసినచో ప్రజలెన్నుకొనిన సభలు చేయవలసిన శాసనమును వ్యాపారి తన పలకపై వ్రాసినట్లగును.

కావున నా అభిప్రాయమును చెప్పెదను. షరతు దాటుటకు వీలున్నదను ఒక్క కారణముచే సాధనమును పెట్టెనుండి తీసివేయరాదు. అది దాటుటకుగాక న్యాయమైన పనులకు పనికివచ్చునా యని చూడవలెను, వచ్చినచో ఉంచవలెను. కాని ఉంచువారికిని మూడు బాధ్యతలు కలవు. మొదటిది, తప్పునకు పిలుచు మాటలు, ఉదాహరణములు అందుండరాదు. పాటల చిరునామాల గొడవ ఆ పాఠమును నేర్పినది. రెండవది, సైటుపై భారము పడకుండునట్లు సాధనము స్వభావముగనే మెల్లగా నడుచునట్లు అమర్చవలెను. వేగము కావలసినవాడు తానై అడిగి తీసికొనును. మూడవది, నిజమైన తాళమును విప్పు సాధనమును డెబియన్‌వారు చేసినట్లు వేఱుచోట నుంచి, తీసికొనువానికి తన దేశపు చట్టమును చూచుకొమ్మని స్పష్టముగా హెచ్చరింపవలెను.

మనకును ఒక బాధ్యత కలదు. బడి పిల్లలకై పాఠమును దింపుకొనునప్పుడు దానిని చేసినవాడు అనుమతించెనా యని చూచుకొనుట మన పని. బుఱ్ఱకథను దింపి సంతలో అమ్ముట కళాకారుని కంచములోని కూడు తీయుట యగును. మీ మనుమడు ఫోనులో నేదియో దింపుచున్నప్పుడు "దీనిని చేసినవా డెవ్వడు? ఇమ్మనెనా?" యని ఒక్క మాట అడుగుడు. కొలిమిలో కాల్చి కొడవలి సాగగొట్టిన కమ్మరి చేనిలో కావలి కాయలేడు. ఎవరి చేను కోయవలెనో తెలిసి కోయుట కొడవలి పట్టినవాని ధర్మము.